పాటలు కట్టిన విద్యాలయము — డుబోయిస్ "శోకగీతములు"

అమెరికా సంయుక్తరాష్ట్రములలో టెనెసీ రాష్ట్రపు నాష్‌విల్ నగరమున ఫిస్క్ విశ్వవిద్యాలయము కలదు. ఏటేట అక్టోబరు 6వ తేదీని అచ్చట "జూబిలీ దినము" జరుపుదురు. 1871వ సంవత్సరమున ఆ తేదీనాడే ఆ విద్యాలయపు విద్యార్థులు తొమ్మండుగురు, పాటలు పాడి ధనము కూర్చుటకై ఊరు వెడలిరి. ఉత్సవదినమున నేటి విద్యార్థిగాయకులు సభలో ఆ పాటలనే పాడుదురు. పిమ్మట ఆ తొలి గాయకుల సమాధులకడ కేగి అచ్చటను పాడుదురు. విశ్వవిద్యాలయములు తమ స్థాపకులను స్మరించుట కలదు, దాతల పేర్లను రాళ్ళపై చెక్కించుట కలదు. తన విద్యార్థులనే, అందును అధికసంఖ్యాకులు దాస్యమున పుట్టినవారిని, తన నిర్మాతలుగా స్మరించు విద్యాలయము నాకు తెలిసినంతలో అరుదు.

ఉత్సవమునకును సాహిత్యవిమర్శకును పొందేమి యని శంక కలుగవచ్చును. ఆ పాటలను గూర్చి, ఆ విద్యాలయమున చదివిన ఒక పండితుడే వ్యాసము వ్రాసెను. ఆతడు డబ్ల్యు. ఇ. బి. డుబోయిస్ (1868–1963). వ్యాసము పేరు "శోకగీతములు". 1903లో వెలువడిన "ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్" అను గ్రంథమున ఇది పదునాలుగవది, తుది ప్రకరణము. ఒక జాతి సాధించినదానిని విశ్వవిద్యాలయము కొనియాడునపుడు, ఆ కొనియాడుట స్తోత్రముగా మిగులునా, జ్ఞానముగా మారునా యన్న ప్రశ్నకు ఈ వ్యాసము ఉత్తమమైన సమాధానమని నా యభిప్రాయము. అయినను ఆ సమాధానమున ఒక పెద్ద లోపము కలదు. ఆ గుణమును, ఆ లోపమును కూడ చూపుటకే ఈ ప్రయత్నము.

ముందుగా చరిత్ర కొంత చెప్పవలసియున్నది. అమెరికా అంతర్యుద్ధము 1865లో ముగిసెను. మరుసటి యేడు జనవరిలో, సైన్యము విడిచిపోయిన వైద్యశాల కొట్టములలో, విముక్తులైన దాసులకొరకు ఫిస్క్ పాఠశాల తెరువబడెను. 1867లో దానికి విశ్వవిద్యాలయమను పేరు వచ్చినది కాని, 1871 నాటికి కొట్టములు శిథిలములైనవి, అప్పులు పెరిగినవి. కోశాధికారియు సంగీతోపాధ్యాయుడు నైన జార్జి ఎల్. వైట్ అను శ్వేతజాతీయుడు విద్యార్థిగాయకులను వెంటబెట్టుకొని ఉత్తరరాష్ట్రములకు బయలుదేరెను. తొలి దినములలో వచ్చిన స్వల్పాదాయమును, అప్పుడే అగ్నిప్రమాదమునకు గురియైన చికాగో నగరపు బాధితులకు వారు ఇచ్చివేసిరి. పెక్కు హోటళ్ళలో వారికి చోటు దొరకలేదు. నవంబరున ఓబర్లిన్‌లో జరిగిన క్రైస్తవసంఘముల మహాసభలో పాడిన పిమ్మట వారి పేరు దేశమున వ్యాపించెను. 1872లో అధ్యక్షుడు గ్రాంటు ఎదుటను, 1873లో విక్టోరియా రాణి ఎదుటను పాడిరి. వారు తెచ్చిన ధనముతో కట్టిన జూబిలీ హాలు 1876 జనవరి 1వ తేదీని ప్రారంభమయ్యెను. యుద్ధకాలమున కోటగా నుండిన స్థలమున అది నిలిచియున్నది.

"జూబిలీ గాయకులు" అను పేరు పర్యటన నడుమ, ఒహాయో రాష్ట్రపు కొలంబస్ నగరమున వైట్ పెట్టినది. దాసులకు విడుదల ప్రకటింపవలసిన ఏబదవ సంవత్సరమును గూర్చి లేవీయకాండము చెప్పిన మాట అది. మన తెలుగు బైబిలులో ఆ సంవత్సరమునకు "సునాదసంవత్సరము" అని పేరు. మూలమున ఆ మాట పొట్టేలుకొమ్ము బూరను సూచించునట. మన యనువాదకులు నాదమును వదలక పట్టుకొనిరి. ఈ గాయకుల విషయమున ఇంతకంటె తగిన మాట దొరకదు.

ఇచ్చట సామాన్యముగా చెప్పబడని విషయ మొకటి కలదు. ఆ తొమ్మండుగురును ఊరు వెడలినపుడు తమ తల్లిదండ్రుల పాటలను లోకమునకు వినిపింపవలెనని వెడలలేదు. నాడు శ్వేతజాతీయుల సభలలో మన్ననకెక్కిన గీతములనే వారు ప్రధానముగా సాధన చేసిరి. మేళమునకు పియానో వాయించి, శిక్షణలోను సాయపడిన ఎల్లా షెపర్డ్ దీని కారణమును తరువాతి కాలమున స్వయముగా వ్రాసియుంచెను. దాస్యకాలపు పాటలు మరువదలచిన చీకటి దినములకు సంబంధించినవి; అంతేకాక అవి తల్లిదండ్రుల ఆరాధనలోనివి, పవిత్రములు. కుర్చీలు చాలక నేలపై కూర్చుండి, మెల్లగా, ఒకరి పాట నొకరు నేర్చుకొనుచు పాడుకొనిరే కాని, బహిరంగసభలో పాడుదుమని కలలోనైన అనుకొనలేదని ఆమె చెప్పినది. ఆ పాటల సౌందర్యము తమకే తెలిసివచ్చుటకు నెలలు పట్టెనట.

సిగ్గు, భక్తి అను రెండు భావములు ఒకే పాటను ఆశ్రయించియుండుట గమనింపదగినది. వలదని దాచుకొన్నదియు, పవిత్రమని దాచుకొన్నదియు ఒకటే. జూబిలీ దినమున సభలో కూర్చుండి విను నేటి శ్రోతకు ఈ సంగతి తెలియకపోయినచో, ఆతడు రాగమును మాత్రమే వినినవాడగును.

డుబోయిస్ ఈ విద్యాలయమునకు 1885లో వచ్చెను. ఆతడు ఉత్తరదేశపు మసాచుసెట్స్ వాడు. దాస్యమును చూచి యెరుగడు. బాల్యమున ఈ పాటలు ఒక్కొక్కటిగా ఎచ్చటినుండియో వచ్చి తన్ను కదిలించినవనియు, అవి పరిచయము లేనివైనను తనవే యని తోచెననియు వ్యాసారంభమున చెప్పెను. నాష్‌విల్‌కు వచ్చి జూబిలీ హాలును చూచినపుడు, ఆ కట్టడమే పాటలతో కట్టినట్లును, ఇటుకల యెరుపు శ్రమించినవారి రక్తమైనట్లును ఆతనికి కనబడెను. 1888లో ఇచ్చట పట్టము పొంది, హార్వర్డునకు పోయి, 1895లో అచ్చట డాక్టరు పట్టమందిన మొదటి నల్లజాతీయుడయ్యెను. ఈ గ్రంథమును వ్రాయునాటికి అట్లాంటా విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. నీగ్రో యను మాటనే ఆతడు వాడెను; నాటికది గౌరవవాచకము. నేడు ఆ జాతివారు దానిని విడిచిరి గనుక నేనును విడిచితిని.

గ్రంథనిర్మాణమునే మొదట చూడవలెను. ప్రతి ప్రకరణమునకును తలకట్టుగా రెండు వస్తువులు కలవు. మొదటిది ఒక పద్యభాగము. బైరన్, షిల్లర్, టెనిసన్, స్విన్‌బర్న్ మొదలగువారిది. క్రింద కవి పేరు ముద్రితము. రెండవది మాటలు లేని స్వరలిపి. నల్లజాతి గీతములలోని ఒకటి రెండు చరణముల సంగీతము. దానిక్రింద పేరు లేదు. అవి శోకగీతముల స్వరములని గ్రంథకర్త పీఠికలో సూచించును గాని, ఏది యే పాటయో చెప్పడు. పదుమూడు ప్రకరణములు చదివినవానికి తుది ప్రకరణమున గాని వానిలో కొన్నింటి పేర్లు తెలియవు. "స్వింగ్ లో, స్వీట్ చారియట్" అను గీతపు స్వరము అలెగ్జాండర్ క్రమ్మెల్ చరిత్రకు ముందున్నదని అప్పుడు తెలియును. పాఠకుడు వెనుకకు పోయి చూచుకొనవలసినదే.

మన ప్రబంధములలో అవతారికయందు పూర్వకవిస్తుతి యుండుట పరిపాటి. డుబోయిస్ చేసినది ఒకవిధమగు ద్వివిధకవిస్తుతి. ఒకవైపు పేరున్న కవులు, వేరొకవైపు పేరులేని కవులు. ఇరువురికిని ఒకే పీట. ఈ సమానపీఠమును గూర్చి ఆతడొక్క మాటయు వాదింపడు, పుట అమరికతోనే చెప్పును. తుది ప్రకరణమున మాత్రము పద్యభాగమును ఆ గీతములనుండియే గ్రహించెను. పదుమూడింట స్వరము మాత్రమే పలికిన జాతికి పదునాలుగవదానిలో మాట వచ్చినది. నల్లజాతికిని తెల్లజాతికిని నడుమ వ్రేలాడు తెర యొకటి కలదని గ్రంథారంభమున చెప్పినవాడు, స్వరలిపి చదువనేరని పాఠకుని ఆ తెరకు ఈవల నిలిపి, ఆవలివైపు ధ్వనిని చూపి, వినిపింపక యుంచెను. ఈ రచనావిధానమున నాకు కనబడిన శక్తి యిదియే.

ఇక వ్యాసము. స్తోత్రము చేయదలచినవాడు ఈ గీతములను విని రాణులు కంటతడి పెట్టిరనియు, సభలు లేచి నిలిచెననియు వర్ణించి ముగించియుండును. డుబోయిస్ ఆ విజయములను కొద్ది వాక్యములలో దాటివేసి, గీతములలో ఏమి లేదో చూచుటకు పూనుకొనెను. తల్లి కలదు, బిడ్డ కలదు, తండ్రి యరుదు. పారిపోవువాడు, అలసిన బాటసారి కలరు. వలపును వివాహమును బహుస్వల్పము. కొండలు, బండలు పరిచితములు, ఇల్లు అపరిచితము. మరణమునకు భయము లేదు. ఇట్లు లేనివానిని లెక్కించి, ఆ లోపములను కుటుంబములను చీల్చి యమ్మిన వ్యవస్థతో అన్వయించుకొనుటకు ఆతడు పాఠకునకు వీలు కల్పించెను. గీతములోని నిశ్శబ్దమును సాక్ష్యముగా స్వీకరించిన ఈ పద్ధతి, ఆర్థికచరిత్రను సమాజశాస్త్రమును అభ్యసించిన పండితుని పద్ధతి. జానపదవాఙ్మయమున పరిశ్రమించువారు దీనిని ప్రత్యేకముగా పరిశీలింపవలెనని కోరుదును. ఒక ప్రాంతపు పాటలలో ఏ బంధువు పేరు రాదో, ఏ పంట పేరు రాదో, ఏ పండుగ రాదో యని యడుగుట మన కంతగా అలవాటు కాలేదు.

"శోకగీతములు" అను పేరు మాత్రము చర్చనీయము. దీనిని తీవ్రముగా ఖండించిన రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్. ఆమె హోవర్డ్ విశ్వవిద్యాలయమునను, పిదప బార్నార్డ్ కళాశాలలో మానవశాస్త్రమును చదివి, దక్షిణదేశమున తిరిగి పాటలను కథలను సేకరించినది. నాన్సీ కునార్డ్ సంకలనమగు "నీగ్రో" అను గ్రంథమున 1934లో ప్రకటించిన వ్యాసమునందు ఆమె రెండు ఆక్షేపణలు చేసెను. ఈ గీతములన్నియు శోకగీతములే యనుట హాస్యాస్పదము. కొండెములు చెప్పువారిపై విసుగు మొదలు మరణము, తీర్పు దినము వరకు అన్ని విషయములును వానిలో కలవు. ఇక విశ్వవిద్యాలయ గాయకమండలులు సభలలో పాడునవి అసలు గీతములే కావు. వానిని ఆధారము చేసికొని కూర్చిన నూతనగీతములు. ప్రార్థనామందిరమున సమూహము పాడునపుడు ఏ పాటయు రెండుమారులు ఒకేరీతిగా ఉండదు. స్వరములు ఒరసికొనును, తాళము మారును. వేదికపై అదంతయు నునుపు చేయబడును.

రెండవ ఆక్షేపణమున సత్యము కలదు. 1867లోనే అలెన్, వేర్, గారిసన్ అను మువ్వురు 136 గీతములను ప్రకటించుచు, ఆ కంఠముల ధర్మమును కాగితముపై పట్టలేమని పీఠికలో ఒప్పుకొనిరి. జూబిలీ గాయకుల పాటలను 1872లో లిపిబద్ధము చేసిన సీవర్డ్ కృషికిని ఆ పరిమితి తప్పదు. అయినను హర్‌స్టన్ పలికినంత కఠినముగా తీర్పు చెప్పుటకు నేను సందేహింతును. ఆ తొమ్మండుగురును గుడిసెల ప్రార్థనలలో ఆ పాటలను విని పెరిగినవారి తరము. వేదికకొరకు వారు మార్చినచో, ఆ మార్పును వారి చరిత్రలోనిదే. నూట ఏబది యేండ్ల పాట ఒక్కటే రూపమున నిలువవలెననుట, సమూహము పాడినపుడెల్ల మారునన్న ఆమె వాదమునకే కొంత విరుద్ధము. డుబోయిస్ కూడ మందిరములోని ఆవేశమును ఎరుగనివాడు కాడు. గ్రంథపు పదవ ప్రకరణమున బోధకుడు, సంగీతము, ఆవేశము అను మూడింటిని దాసుల మతమునకు లక్షణములుగా చెప్పినవాడు ఆతడే.

మొదటి ఆక్షేపణను మన అలంకారశాస్త్రపు వెలుగున చూచుట ఉపయోగకరము. భరతుడు కరుణమునకును విప్రలంభమునకును భేదము చెప్పుచు, మొదటిది నిరపేక్షము, రెండవది సాపేక్షము అనెను. కరుణవిభావములలో ఇష్టజనవిప్రయోగమును, వధబంధములను పేర్కొనెను. దాసుల బ్రదుకులో ఈ విభావములన్నియు అక్షరాల కలవు. కావున శోకము స్థాయి కావలసినది. కాని డుబోయిస్ స్వయముగా చెప్పిన మాట వేరు: ఈ దుఃఖమంతటిలోను ఒక ఆశ, తుదకు న్యాయము జరుగునన్న విశ్వాసము ఊపిరివలె ఆడుచున్నదట. ఆశ యున్నచోట నిరపేక్షత లేదు. తెగిన బంధము తిరిగి కలియునన్న అపేక్ష నిలిచియున్నది. ఆ కలయిక నది కావలనా, మరణానంతరమా, స్వేచ్ఛాభూమిలోనా యన్నది గీతమున గూఢము. శృంగారము లేదు గనుక దీనిని విప్రలంభమనుటయు కుదురదు. కరుణవిభావములపై సాపేక్షభావము నిలిచిన ఈ స్థితికి మన లాక్షణికులు పేరు పెట్టలేదు. హర్‌స్టన్ పేరును తప్పుపట్టుట ఈ కారణమున న్యాయమే. డుబోయిస్ చేసిన వివరణ ఆతడు పెట్టిన పేరుకంటె పెద్దది.

ఈ అపేక్షను మన దేశమున వినిన ఘట్టమొకటి ప్రసిద్ధము. 1936 ఫిబ్రవరిలో హోవర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన హోవర్డ్ థర్మన్, ఆయన భార్య సూ బెయిలీ థర్మన్ మొదలగువారు బార్డోలీలో గాంధీమహాత్ముని కలిసిరి. నల్లజాతివారి స్థితిని గూర్చి ఆయన వివరముగా ప్రశ్నించి, ఈ గీతములను పాడుమని కోరెను; వారు పాడిరి. ఆ సంభాషణ "హరిజన్" పత్రికలో వెలువడినది.

ఇప్పుడు లోపమును గూర్చి. ఫిస్క్ గాయకుల యాత్రను వర్ణించు పేరాలో డుబోయిస్ జార్జి వైట్ జీవితమును సంగ్రహముగా ఇచ్చెను: ఎచ్చట పుట్టెను, ఎవరి కుమారుడు, ఏ యుద్ధములలో పోరాడెను, ఎట్లు నాష్‌విల్ చేరెను. వైట్ ఆ పిల్లలకు పాడుట నేర్పెననియు, పిమ్మట వారే ఆతనికి పాడుట నేర్పిరనియు చమత్కారముగా చెప్పెను. ఇంత చెప్పినవాడు పాడినవారిని గూర్చి చెప్పినది నలుగురు బాలురు, ఐదుగురు బాలికలు అను సంఖ్య మాత్రమే. ఒక్క పేరును లేదు. పేరులేని కవులకు టెనిసన్ ప్రక్కన పీట వేసిన గ్రంథమున, పేరున్న గాయకులు పేరు కోల్పోయిరి! వారు తెచ్చిన లక్షయేబదివేల డాలర్లు ఫిస్క్‌ను స్థాపించెననుటయు సరిగాదు. విద్యాలయము అంతకు ఐదేండ్ల ముందే కలదు. అది భావావేశమున దొర్లిన మాటగా క్షమింపవచ్చును. పేర్లు విడుచుట అట్టిది కాదు. ఆతడు చదువుకొను దినములకు ఆ గాయకులలో పలువురు సజీవులు. ఎల్లా షెపర్డ్ 1914 వరకు జీవించెను.

ఆ పేర్లివి: ఎల్లా షెపర్డ్, మ్యాగీ పోర్టర్, జెన్నీ జాక్సన్, మిన్నీ టేట్, ఎలైజా వాకర్, థామస్ రట్లింగ్, బెంజమిన్ హోమ్స్, ఐజక్ డికర్‌సన్, గ్రీన్ ఎవాన్స్.

"జాతి" పాడినదని చెప్పుటలో ఒక ఔన్నత్యము కనబడును. ఆ ఔన్నత్యమే వ్యక్తిని మింగివేయును. ఈ దోషమును పరుల గ్రంథమున చూపుటకు నాకు అర్హత తక్కువ. నా సిద్ధాంతవ్యాసమున నేను సేకరించిన పాటలలో సగమునకు పైగా "ఒక వృద్ధురాలు పాడినది" అనియే వ్రాసితిని. పరీక్షకులెవ్వరును దానిని ప్రశ్నింపలేదు. ఆ వృద్ధురాండ్ర పేర్లు నాడు నా జేబుపుస్తకమున నుండెను, నేడది లేదు.

ఉత్సవము తన ప్రమాణములను తానే సమకూర్చుకొనవలెనని గ్రహించినవాడు కార్టర్ జి. వుడ్‌సన్. దాస్యవిముక్తుల కుమారుడై, బొగ్గుగనులలో పనిచేసి, 1912లో హార్వర్డున డాక్టరు పట్టమందెను. 1915లో నల్లజాతి చరిత్రపరిశోధనకు సంఘమును స్థాపించి, 1916లో పరిశోధనపత్రికను ప్రారంభించి, ఆ పిమ్మట పదియేండ్లకు, 1926 ఫిబ్రవరిలో, చరిత్రవారోత్సవమును నెలకొల్పెను. ఈ క్రమము గమనింపదగినది: పత్రిక ముందు, పండుగ తరువాత. ఒహాయోలోని కెంట్ విశ్వవిద్యాలయపు నల్లజాతి విద్యార్థులు 1970లో ఆ వారమును మాసముగా జరిపిరి. 1976లో దేశాధ్యక్షుడు ఫోర్డ్ దానిని గుర్తించెను. ఫిస్క్ వారి జూబిలీ దినమున సమాధులకడకు పోవు ఆచారము నాకు వుడ్‌సన్ మార్గమునకు చెందినదిగా తోచును. సమాధిపై పేరుండును, ఆ పేరు చదివి పాడవలసియుండును. డుబోయిస్ విడిచిన దానిని విద్యార్థులు ఏటేట పూరించుచున్నారు.

డుబోయిస్ సొంత కుటుంబపు పాట యొకటి ఈ వ్యాసముననే కలదు. తన తాతకు నాయనమ్మయో అమ్మమ్మయో యైన స్త్రీని డచ్చి వర్తకుడొకడు ఆఫ్రికానుండి పట్టితెచ్చెననియు, ఆమె హడ్సన్ లోయలలో చలికి వణకుచు బిడ్డకు పాడిన పాట తరతరములుగా తమ యింట నిలిచినదనియు చెప్పి, స్వరముతో సహా ముద్రించెను. మాటల అర్థము ఇంటిలో ఎవరికిని తెలియదు. సంగీతపు అర్థము తెలియును అనెను. ఆమె పేరు అచ్చట చెప్పలేదు. ముప్పదియేడేండ్ల పిమ్మట, 1940లో ప్రకటించిన "డస్క్ ఆఫ్ డాన్" అను గ్రంథమున మరల ఆ పాట ప్రస్తావన తెచ్చెను. అచ్చట గాయని తన ముత్తవ్వ; తరము ఒకటి తగ్గినది. పేరు మాత్రము వచ్చినది: వయొలెట్.